చదువు ఎక్కడ ఆగింది

మా పెదనాన్న సోఫాలు కడతాడు. చెక్క చట్రానికి పట్టీలు బిగించి, స్ప్రింగులు నిలబెట్టి, గోనె గుడ్డ కప్పి, స్పాంజి వేసి, దాని మీద రెక్సినో బట్టో లాగి మేకులు కొడతాడు. ఒక చేత్తో బట్ట లాగి పట్టుకోవాలి, ఇంకో చేత్తో సుత్తి పట్టుకోవాలి. మరి మేకులు ఎవరందిస్తారు? అందుకే చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కదాన్నీ పెదాల మధ్యకు తోస్తాడు. సుత్తికి అయస్కాంతపు మొన ఉంటుంది. మూతి దగ్గరికి తెస్తే మేకు దానికి అంటుకుంటుంది, ఒక్క దెబ్బతో చెక్కలో దిగుతుంది. చూసేవాళ్లకి ఆయన సుత్తికి ముద్దులు పెడుతున్నట్టే ఉంటుంది. "నాకు పెట్టినవాటికన్నా దానికి పెట్టినవే ఎక్కువ" అని పెద్దమ్మ పరాయివాళ్ల ముందు కూడా అనేస్తుంది.

పని చేస్తున్నంతసేపూ ఆయన మాట్లాడలేడు. వినగలడు, తలూపగలడు, "ఊ" అనగలడు. మా వీధంతా చెక్కపనివాళ్లు, పాలిష్ పనివాళ్లు, పరుపులు కుట్టేవాళ్లు. కడుపులో మాట కక్కాలంటే అందరూ ఆయన కొట్టుకే వచ్చేవాళ్లు. అడ్డురాని మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు? నేను కాలేజీ మధ్యలో మానేసి ఆయన కొట్లోనే కుట్టుమిషను ముందు కూర్చున్నాను కాబట్టి ఇదంతా రోజూ చూశాను. వాళ్లు చెప్పిందంతా ఆయన ఒప్పుకున్నాడని వాళ్లు అనుకునేవాళ్లు. తన మనసులో ఉన్నదే వాళ్ల మనసులోనూ ఉందని ఆయన అనుకునేవాడు.

ఆయన మనసులో ఉన్నది ఒకటే, పార్టీ. మీసాలు సరిగా రాకముందే అందులో చేరాడు. వీధి మలుపులో పార్టీకి ఒక గది ఉండేది. ఒక బల్ల, గోడల పక్కన పాత బెంచీలు, పైన ఎప్పుడూ ఒకవైపుకి ఊగే ఫ్యాను. ఆ గది బాధ్యత ఆయనదే. సాయంత్రం కొట్టు మూశాక నోట్లో మేకులు డబ్బాలో ఉమ్మి, నోరు పుక్కిలించి, తాళంచెవి తీసుకుని అక్కడికి వెళ్లేవాడు. అక్కడ మాత్రం ఆయనే మాట్లాడేవాడు. పగలంతా దాచుకున్నది పొర్లిపోయేది.

ఆ రోజుల్లో ఏ పార్టీ ఎవరిదో కనుక్కోవడం తేలిక. చేతికి జిగురు అంటినవాళ్లు మా పార్టీ, చేతికి సిరా అంటినవాళ్లు అవతలి పార్టీ. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేరినవాళ్లు లేచి నిలబడి తమ చదువు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పాలి. "నా చదువు నాలుగు దగ్గర ఆగింది. మా నాన్న నడుం విరిగింది" అంటే చాలు, మిగతావాళ్లు అరచేతుల్తో బెంచీలు దబదబా బాదేవాళ్లు. బయట సిగ్గుపడాల్సిన సంగతి అక్కడ మెడల్‌లా ఉండేది. ఒకసారి ఒక లాయరు వచ్చి చేరాడట. లేచి నిలబడి చెమటలు తుడుచుకుంటూ "నాది లా దాకా వెళ్లిపోయిందండీ, ఏమనుకోకండి" అన్నాడట. నవ్వీ నవ్వీ ఒకాయన బెంచీ మీంచి కింద పడ్డాడని పెదనాన్న ఇప్పటికీ చెబుతాడు.

ఆ గదిలో అందరికన్నా గట్టిగా బెంచీలు మోగింది మా అక్కకి. అంటే పెదనాన్న కూతురికి. యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజు ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టాడు. అది గడ్డం పైకెత్తి, "నా చదువు ఇంకా ఆగలేదు" అంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆ మోతకి ఎదురింటి కుక్క అరుపు అందుకుంది. పెదనాన్న కళ్లు తుడుచుకుని, "స్పాంజి ధూళి పడిందిరా" అన్నాడు.

ఆ తర్వాత అన్నీ తిరగబడ్డాయి. ఎప్పుడు తిరగబడ్డాయో నేను చెప్పలేను, చదువుకున్నవాళ్లు చెబుతారేమో. అక్కా, అక్కలాంటివాళ్లూ పార్టీ పెద్దాఫీసు నిండా చేరారు. పార్టీ కాగితాల్లో మాటలు మారాయి. పెదనాన్న వాటిని గదిలో చదివి వినిపించేవాడు, మధ్యమధ్యలో ఆగి, "అంటే ఏంటంటే..." అనేవాడు. రానురాను "అంటే ఏంటంటే" పెరిగి, కాగితంలో మాట తక్కువైంది. అవతలి పార్టీవాళ్లేమో మీటింగుల్లో చొక్కా చేతులు మడిచి, బండ జోకులు వేసి, "మాకు ఇంగ్లీషు రాదు బాబూ" అని చప్పట్లు కొట్టించుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల నాయకుడి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు. అయినా చప్పట్లు పడేవి.

పోయిన ఎన్నికలకి ముందు పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. అన్ని గదులూ నడపడం కుదరదట. బలం ఉన్న చోట ఉంచి, లేని చోట మూసేస్తారట. ఎక్కడ బలం ఉందో సర్వే చేసి తేలుస్తారట. ఆ సర్వే చూసేది మా అక్కే.

కబురు విన్నాక పెదనాన్న నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. "మన పిల్లే చూస్తోంటే మన గదికి భయమేంటే?" అన్నాడు పెద్దమ్మతో.

"మన పిల్లకి ఇంటికి ఫోన్ చేయడానికే తీరదు. నీ గది గురించి కూర్చుని ఆలోచిస్తుందా?"

"ఆలోచించక్కర్లేదు. అడిగినవాళ్లకి మన వీధి సరిగ్గా జవాబు చెబితే చాలు."

ఇక్కడే ఆయన చేయకూడని పని చేశాడు. సర్వేవాళ్లు చదువు గురించి అడుగుతారని ఎవరో చెవిలో వేశారు. ఆయనకి వెంటనే తన గది, తన బెంచీలు గుర్తొచ్చాయి. ఆ రోజు పని పక్కన పెట్టి ఇల్లిల్లూ తిరిగాడు. మెషినాయిల్ మరకల చొక్కాతో నేనూ వెంట ఉన్నాను.

"గొప్పలు పోకండి. చదువుకోలేదని చెప్పండి. మనది ఎవరి పార్టీ? చదువు దొరకని వాళ్ల పార్టీ. ఆ మాట వింటే వాళ్ల గుండె నిండుతుంది" అని అందరికీ చెప్పాడు.

మా వీధిలోనే ఉండే నర్సు పిన్ని మొదట అసలు ఒప్పుకోలేదు. ఆసుపత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, చెప్పులు కూడా విడవలేదు. "బావగారూ, మా అమ్మ గాజులు అమ్మి చదివించింది నన్ను. చదువుకోలేదని నా నోటితో ఎలా చెప్పమంటారు?"

"ఒక్కరోజు దాచుకోమ్మా. మర్నాడు మళ్లీ తీసి పెట్టుకుందువుగాని."

పక్క కొట్టు పాలిష్ బాబాయి బేరానికి దిగాడు. ఆయన సొంత బాబాయి కాదు, పెదనాన్నకి తమ్ముడికన్నా ఎక్కువ. "అన్నా, నేను పది పాసయ్యాను. ఎన్నిసార్లకి అని అడక్కు, పాసయ్యాను. నన్నిప్పుడు ఏ క్లాసులో పడేస్తావ్?"

"మూడులో ఉండు."

"మూడో క్లాసు టీచరు చావగొట్టేవాడన్నా. నాలుగులో వెయ్యి."

"సరే, నాలుగు. దిగిపోయినందుకు పార్టీ నిన్ను మర్చిపోదులే."

సర్వేకి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వచ్చారు. తెల్లటి బూట్లు, చేతిలో ఫోన్లు. రంపపు పొట్టు బూట్లకి అంటకుండా కాళ్లు ఎత్తెత్తి నడిచారు. గుమ్మం గుమ్మంలోనూ మా వాళ్లు ఎంతో వినయంగా చదువు తగ్గించుకున్నారు. నర్సు పిన్ని "ఐదు" అని చెప్పి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి అబ్బాయి ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"చదువు?"

"డిగ్రీ మధ్యలో ఉంది."

"పూర్తయిందా, లేదా?"

"మధ్యలో అంటున్నాగా."

"మధ్యలో అని నొక్కడానికి ఇక్కడేం లేదండీ."

"అయితే లేదని నొక్కేయ్."

నొక్కేశాడు. ఓటు ఎవరికని ఎవరినీ అడగలేదు. పెదనాన్నే ఉండబట్టలేక, "అమ్మాయ్, మా వీధి మొత్తం మనకే" అని చెప్పాడు. ఆ అమ్మాయి చక్కగా నవ్వి, "అది మేం చూసుకుంటాంలే అంకుల్" అంది.

సర్వే ఫలితాలు చెప్పే మీటింగు కొత్త అపార్ట్‌మెంట్ల కింద ఉన్న హాల్లో పెట్టారు. ఏసీ ఉంది. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. పెదనాన్న కూర్చోగానే చెయ్యి కిందకి పోనిచ్చి కుట్టు తడిమి, "స్టాప్లర్ పిన్నులు కొట్టారురా, రెండేళ్లు కూడా ఆగవు" అని నా చెవిలో గొణిగాడు. సంబరంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కూతురు స్టేజీ మీదికి రాగానే పక్కనున్న తెలియని మనిషి మోచేతిని తట్టి, "మా అమ్మాయి" అన్నాడు.

అక్క బాగా మాట్లాడింది. అది ఎప్పుడూ బాగానే మాట్లాడుతుంది. తెర మీద రంగురంగుల వీధులు కనిపించాయి. ఓటు ఎవరికని అడిగితే జనం అబద్ధం చెబుతారంది. చదువు విషయంలో ఎవరూ తమని తాము తగ్గించి చెప్పుకోరు, అందుకే చదువే అడిగామంది. చదువు పెరిగే కొద్దీ మనకి ఓటు పెరుగుతోందని, పది దాటని వీధులు అవతలి పార్టీవేనని, అక్కడ చేసే శ్రమ బూడిదలో పోసినట్టేనని చెప్పింది. ఆ వీధుల్లో గదులు మూసి, ఆ మనుషుల్నీ ఆ సమయాన్నీ ఈ అపార్ట్‌మెంట్ల వైపు తిప్పాలంది. తెర మీద మా వీధి బూడిదరంగులో ఉంది.

పెదనాన్న లేచాడు. "అమ్మా, ఒక్క మాట. అది మా వీధి..."

"ప్రశ్నలు చివర్లో తీసుకుంటాం. దయచేసి కూర్చోండి" అంది అక్క.

కూర్చోండి! మా ఇంట్లో ఆడపిల్లలు నాన్నని నువ్వు అంటారు. జ్వరం వచ్చినా, కోపం వచ్చినా, పెళ్లిచూపుల్లో పరాయివాళ్ల ముందైనా నువ్వే. ఆ "అండీ" ఆయన్ని ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినట్టయింది. అయినా కూర్చోలేదు. "ఆ లెక్క తప్పమ్మా. మావాళ్లు చదువుకున్నారు. నర్సు ఉంది, పది పాసైనవాళ్లున్నారు. చదువుకోలేదని చెప్పమని నేనే చెప్పాను. మీరు సంతోషిస్తారని..."

హాలంతా నవ్వింది. ముందు వరసలోంచి కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా, "అంటే వీధి మొత్తం చేత అబద్ధం చెప్పించారా పెద్దాయనా?" అని అడిగాడు. పెదనాన్న అక్క వైపు చూశాడు. అది నీళ్ల సీసా మూత తిప్పుతోంది. తెర మీద వేరే బొమ్మ వచ్చింది.

మర్నాడు అక్క ఇంటికి వచ్చింది. గది తాళంచెవి కోసం. ఇంకెవరినీ పంపకుండా తనే వచ్చింది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. పెద్దమ్మ పలకరించలేదు, కానీ టీ పెట్టింది. పాలిష్ బాబాయి కూడా గుమ్మంలోనే ఉన్నాడు, గ్లాసు పట్టుకుని.

"నీకు తెలియదా తల్లీ, నర్సు పిన్ని ఏం చదివిందో?" అని అడిగాడు పెదనాన్న.

"తెలుసు."

"బాబాయి పది పాసైన సంగతి?"

"తెలుసు నాన్నా. ఐదు, నాలుగు, మూడు అని చూడగానే ఇది నీ పనే అని అర్థమైంది. బెంచీలు బాదించుకోవాలని చెప్పించావని కూడా తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

అక్కది ఇప్పుడు స్టేజీ మీది గొంతు కాదు. "సరిచేస్తే, తండ్రి వీధిని కాపాడుకుంది అంటారు. అక్కడ నేను నోరు తెరిస్తే చాలు, ఏ వీధి నుంచి వచ్చానో వెతుకుతారు నాన్నా. నీకు తెలియదు."

"నాకు తెలియదా? ఆ వీధి నీకంత బరువైందా?"

"సరిచేసినా ఏమీ మారదు. నీ వీధి నీతో లేదు. ఎప్పుడో పోయింది. నమ్మవు కదా? అడుగు, బాబాయినే అడుగు. పోయినసారి ఎవరికి వేశాడో అడుగు."

పెదనాన్న నవ్వబోయి బాబాయి వైపు చూశాడు. బాబాయి టీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఇంత పొడుగు మనిషి ఆ గ్లాసులో దూరిపోతాడేమో అనిపించింది.

"ఏరా?"

"అన్నా... నీ గదిలో కూర్చున్నంతసేపూ నేను మన పార్టీయే. ఒట్టు. బయటికొస్తే పెద్దాఫీసు పిల్లలు మాట్లాడేది నాకు అర్థం కాదు. అర్థమైనంతవరకు నన్నేదో తిడుతున్నట్టుంది. అవతలోడు దొంగే, నాకు తెలుసు. కానీ భుజం మీద చెయ్యేశాడన్నా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"నువ్వు డాక్టరుగారి సోఫా కడుతున్నప్పుడు. ఈసారి అటు వేద్దామనుకుంటున్నానన్నా అన్నాను. నువ్వు ఊ అన్నావు."

నేను అప్పుడు మిషను దగ్గరే ఉండి ఉంటాను. ఒక్క బాబాయే కాదు, వీధిలో సగం మంది అలా వచ్చి చెప్పి, "ఊ" తీసుకుని వెళ్లి ఉంటారు. పెదనాన్న నోటికి మేకులు అడ్డం, మనసుకి పార్టీ అడ్డం. చెవుల్లో పడింది లోపలికి దిగలేదు. దాన్ని తప్పంటారో అమాయకత్వం అంటారో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ఒక్క రోజు తేడాతో కూతురు, స్నేహితుడు, పార్టీ, ముగ్గురూ ఆయన్ని దాటి వెళ్లిపోయారు. ముగ్గురిలో ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. అందరూ మర్యాదగానే చేశారు.

ఆయన లేచి మేకుకి తగిలించిన తాళంచెవి తీశాడు. అక్క చెయ్యి చాపింది. చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి, "తీసుకోండి" అన్నాడు.

అక్క ఏడ్చింది. పెద్దమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది. అంతసేపూ తిట్టుకుంటూనే తీసుకుంది.

వారం తిరక్కుండా అవతలి పార్టీ మనిషి కొట్టుకి వచ్చాడు, వెనక ఇద్దర్ని వేసుకుని. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పెద్దాయనా, విన్నాం. చదువు లేదని గెంటేశారట కదా. మాకు చదువుతో పనే లేదు. మీలాంటి చదువులేని వాళ్లే మా బలం. రేపు మీటింగులో స్టేజీ ఎక్కి ఆ ముక్క చెప్పండి చాలు, శాలువా కప్పుతాం."

పెదనాన్న నోటినిండా మేకులున్నాయి. ఈసారి "ఊ" అనలేదు. ఒక్కొక్కటీ డబ్బాలోకి ఉమ్మాడు, అన్నీ అయ్యేదాకా. ఆ మనిషి వాచీ చూసుకున్నాడు. అప్పుడు పెదనాన్న అన్నాడు: "వాళ్లు నా చదువు చూసి పొమ్మన్నారు. నువ్వూ నా చదువు చూసే రమ్మంటున్నావు. మనిషిని చూసినోడు ఇద్దరిలో ఎవడు బాబూ?"

"అంత లోతుగా ఆలోచించకండి."

"అదే, నాకు చదువు లేదు కదా, ఆలోచన ఎక్కడిది? లే, ఆ కుర్చీకి ఇంకా జిగురు ఆరలేదు."

నిజంగానే ఆరలేదు. లేచేటప్పుడు ప్యాంటు చర్రుమంది. వీధి వీధంతా పగలబడి నవ్వుకుంది, పెదనాన్న మాత్రం నవ్వలేదు.

పోలింగు రోజున మా వీధి వైపు మా పార్టీవాళ్లు ఎవరూ రాలేదు. బూడిదరంగు వీధికి ఎవరొస్తారు? వేరే ఏడాదైతే ఆ రోజు పెదనాన్న కాలు ఒకచోట నిలిచేది కాదు, ముసలివాళ్లని లేపి, కుంటివాళ్లని బండెక్కించి, తను ఎవరికి వేశాడో పోలింగ్ బూత్ బయట అందరికీ అరిచి చెప్పి, పోలీసు చేత తిట్లు తినేవాడు. ఈసారి మధ్యాహ్నం దాకా పని చేసి, చేతులు కడుక్కుని, ఎవరినీ పిలవకుండా వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను. లైన్లో పాలిష్ బాబాయి ఉన్నాడు. చోటిచ్చి ముందుకి రమ్మన్నాడు. పెదనాన్న తలూపి, లైను చివరికి వెళ్లి నిలబడ్డాడు.

బయటికొచ్చేసరికి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. పార్టీ బ్యాడ్జి తీసి సంచిలో వేసుకుంది.

"నాన్నా, ఎవరికి వేశావు?"

ఆయన దాని మొహం చూశాడు. కోపంగా కాదు, దారి అడిగిన మనిషిని చూసినట్టు. "నేను ఐదు దాకా చదివాను. ఐదు వాళ్లు ఎవరికి వేస్తారో మీ లెక్కలో ఉంటుంది కదమ్మా. చూసుకో."

ఇంటివైపు నడిచాడు. అది అక్కడే నిలబడిపోయింది.

అప్పటి నుంచి అక్క నాకు ఫోన్ చేసినప్పుడల్లా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. "నీకు చెప్పే ఉంటాడు. నిజం చెప్పరా, ఎవరికి వేశాడు?" నాకు చెప్పలేదు. బాబాయికి చెప్పలేదు. ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు, చెక్క గురించి, వాన గురించి. పెద్దమ్మ అన్నం పెట్టేటప్పుడు రోజూ ఒకసారి అడుగుతుంది. ఆయన తింటూనే ఉంటాడు.

"ఇన్నేళ్లు కాపురం చేశాను. ఆయన కడుపులో నాకు తెలియని మాట ఒక్కటీ ఉండేది కాదు" అంది మొన్న నాతో, గిన్నెలు సర్దుతూ. "ఇప్పుడు ఒకటుంది. అడగ్గా అడగ్గా నాకే భయమేస్తోందిరా, నిజంగా చెప్పేస్తాడేమోనని."